పలకతో పరదేశ ప్రయాణం

ధర్మపురి నుంచి పరదేశం పోయేవారికి బెంగుళూరే వాకిలి. కృష్ణగిరి, హోసూరు దాటి, ఆ మహానగరాన్ని చుట్టి దేవనహళ్లి విమానాశ్రయం చేరుకోవాలి. ఈ మధ్య స్నేహితుల ఇంట పెళ్లికని మేమిద్దరమూ ఆ దారినే మలేషియా వెళ్ళి వచ్చాము. అక్కడి మేడలనూ వింతలనూ వర్ణించే ఉద్దేశం మాకు లేదు. మేము చెప్పదలచింది మా వెంట వచ్చిన ఒక చిన్న పలక సంగతి.

ట్యాబ్లెట్టుకు పలక అని పేరు పెట్టింది మా అమ్మ. ఆమెకు 83 ఏళ్లు, చదువు రాదు. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో తెలుగు నోటి మాటే గాని చేతి రాత కాదు గదా! బడిలో తమిళం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్లమే మనమంతా. మేము పెద్దయ్యాక అక్షరాలు కూడబలుక్కొన్నాము. అమ్మకు ఆ అవకాశమూ లేకపోయింది. కనుక మేము ఎంత దూరం పోయినా ఆమెకు మా గొంతే ఉత్తరం. ఆమె వద్ద ఒక పలక, మా వద్ద ఒక పలక. "రోజూ సాయంత్రం ఏడు గంటలకు కనబడతాము" అని మాట ఇచ్చి బయలుదేరాము.

మలేషియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి తొమ్మిదిన్నరకు హోటలు గదిలో పలక తెరిచాము. వైఫై ఉన్నది. తీరా అది ఫోను నంబరు అడిగి, ఆ నంబరుకు ఓటీపీ పంపుతానన్నది. మా నంబరుకు విదేశాల్లో పనిచేసే రోమింగు పెట్టించుకోనే లేదు. ఇక ఓటీపీ ఎలా వస్తుంది? తాళంచెవి లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్లయింది మా పని. పోనీ, సిమ్ము కొని వేద్దామంటే మా పలకకు సిమ్ము పెట్టే చోటే లేదు. ఇంట్లో వైఫైతో వాడుకొన్నంత కాలం ఆ లోటు మాకు తెలియనే లేదు.

మరునాడంతా ప్రయాణమే. పెళ్లివారి ఊరు పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్. పేరాక్ నది సముద్రంలో కలిసే ఆ ప్రాంతంలో ఎటు చూసినా కొబ్బరి తోటలు. ఆ తోటల్లో పనికని పూర్వం మనవాళ్లు ఓడలెక్కి వెళ్లారు. వారి సంతతి నేటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నది. ఆ రాత్రి కూడా అమ్మతో మాట కుదరలేదు.

మూడవ నాడు మా అవస్థ విని పెళ్లింటి కుర్రవాడు మమ్మల్ని అంగడికి తీసుకుపోయాడు. పాస్‌పోర్టు చూపించి సిమ్ము కొని, మా ఫోనులో ఖాళీగా ఉన్న రెండవ చోట వేశాడు. ఆ ఫోనునే హాట్‌స్పాటుగా మార్చి పలకకు ఇంటర్నెట్టు అందించాడు. అంతే, అమ్మ కనబడింది.

"యాడుండారురా? రెండు దినాలుగా ఒక మాట లేదే!"

ఆమె పలకను ఒడిలో పెట్టుకొనే కూర్చున్నదనీ, రాత్రి ముద్ద ముట్టలేదనీ పక్కింటి పాప చెప్పింది. మాకు నోట మాట రాలేదు.

ఇదంతా చూస్తున్న పెళ్లింటి అవ్వ దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, బాగున్నావా?" అని పలకరించింది. ఆమె పెద్దలది శ్రీకాకుళం వైపు. ఆమెకూ తెలుగు చదవను రాదు. "మా తాత ఓడెక్కినాక వాళ్లమ్మ మరి ఆయన గొంతు వినలేదట" అన్నది. అమ్మ కొంచెంసేపు ఊరుకొని, "నాకు రెండు దినాలకే పానం పోయినట్టాయె తల్లీ" అన్నది. తరువాత ఇద్దరూ పావుగంట మనవల సంగతులు చెప్పుకొన్నారు. ఒకరిది "యాడ", ఒకరిది "ఏటి". అయినా నడుమ మా అవసరం పడలేదు.

మన దేశంలో ఇంటర్నెట్టు సామాన్యులకు అందింది 1995 ఆగస్టులో. ఇన్నేళ్లయినా మావంటి వారికి దాని మెలకువలు తెలియవు. పరదేశం పోయే సోదరీ సోదరులు వారం ముందే కొన్ని సంగతులు చూసుకోవాలి. పలకకు సిమ్ము చోటు ఉన్నదో లేదో కనుక్కోండి. మన నంబరుకు రోమింగు పెట్టించండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ప్యాకు వేయించకుండా డేటా రోమింగు తెరిచి ఉంచితే బిల్లు తడిసి మోపెడవుతుంది. కొత్త ఫోనైతే ఈసిమ్ము ఇక్కడే కొని పెట్టుకోవచ్చు. ఊరందరికీ తెరిచిన వైఫైలో బ్యాంకు పనులు చేయకండి. అన్నిటికన్నా ముందు, "ఒకటి రెండు రోజులు మాట అందకపోయినా బెంగపడవద్దు" అని ఇంట్లో పెద్దలకు చెప్పి మరీ గడప దాటండి. మేము మరచింది అదే.

ఇల్లు చేరాక అమ్మ మా పెట్టెలో ఏముందని అడగలేదు. "ఆ ఏటమ్మ మళ్లీ ఎప్పుడు మాట్లాడతాది?" అని అడిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఇద్దరికీ పలక కలిపి ఇవ్వడం మా ఇంటి పనుల్లో ఒకటి.