రాత్రయితేనే తలుపు తీసే ఇళ్లు

పగటిపూట కోర్డోబా ఇంట్లో చూడ్డానికి ఏమీ ఉండదు. సున్నం కొట్టిన తెల్లగోడ, దానికో పాత చెక్క తలుపు, పైన ఇనుప చువ్వల కిటికీ. అంతే. జూలైలో మధ్యాహ్నం మూడింటికి ఆ సందుల్లో నడిస్తే కుక్క కూడా కనిపించదు. కిటికీలన్నీ మూసేసి, వాటి మీద చాపల్లాంటి తెరలు దించేసి ఉంటాయి. 'దీని కోసమా ఇంత దూరం వచ్చాం!' అనిపిస్తుంది.

అదే సందులోకి చీకటి పడ్డాక వెళ్లండి. చెక్క తలుపు బార్లా తీసి ఉంటుంది. లోపల చిన్న నడవా. దాని చివర లేసు అల్లినట్టుండే ఇనుప గేటు. ఆ గేటు వెనక పూలకుండీలతో కిక్కిరిసిన వాకిలి, ఎక్కడో ఓ మూల ఒకే ఒక్క లాంతరు. దాని వెలుతురు గేటు చువ్వల్లోంచి జారి వీధిలో పరిచిన గులకరాళ్ల మీద ముగ్గులా పడుతుంది. ఇల్లు మనకి కనిపించదు. ఇంట్లోంచి వచ్చే వెలుతురు కనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ తెరిచినా 'మెడిటరేనియన్ స్టైల్ విల్లా' అని ఉంటోంది. తెల్లగోడలు, ఎర్రపెంకులు, రెండు ఆర్చీలు. ఫొటో మాత్రం తప్పకుండా రాత్రిదే. గోడ కింద దాచిన ఫోకస్ లైట్లు పైకి కొడుతుంటాయి, ఇల్లు పెళ్లికూతురిలా వెలిగిపోతుంటుంది. బాగానే ఉంటుంది, కాదనను. కానీ అసలు ఊళ్లో రాత్రి అందానికీ, ఈ ఫొటోకీ పెద్ద తేడా ఉంది. అక్కడ గోడ మీద దీపం వేయరు. గోడ వెనక వేస్తారు.

ఈ స్టైల్ మనదాకా వచ్చిన దారి కూడా తమాషాగానే ఉంటుంది. 1920ల్లో అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియా డబ్బున్నవాళ్లకి స్పెయిన్ ఇళ్లంటే మోజు పుట్టింది. 1925లో భూకంపం వచ్చి శాంటా బార్బరా ఊరు దెబ్బతింటే, తిరిగి కట్టేటప్పుడు ఊరంతా తెల్లగోడలు, ఎర్రపెంకులతో కట్టుకున్నారు. ఆ ఇళ్లకి ముందు పచ్చిక, పెద్ద కారు దారి. చూసేవాళ్లంతా వీధిలోంచి చూసి మెచ్చుకోవాలి. మన విల్లాలు ఆ అమెరికా ఇళ్లకి చుట్టాలే కానీ, కోర్డోబాకి కాదేమో అని నా అనుమానం.

47.6 డిగ్రీలు

కోర్డోబా దక్షిణ స్పెయిన్‌లో, ఆండలూసియా ప్రాంతంలో, గ్వాదల్‌కివిర్ నది ఒడ్డున ఉంటుంది. మెడిటరేనియన్ అనగానే నీలిసముద్రం గుర్తొస్తుంది కదా, ఈ ఊరికి సముద్రం వంద కిలోమీటర్లకు పైనే. అందుకే ఎండలు దారుణం. 2021 ఆగస్టు 14న ఇదే జిల్లాలోని లా రాంబ్లా అనే ఊళ్లో 47.6 డిగ్రీలు నమోదైంది. అది స్పెయిన్‌లోనే రికార్డు. రెంటచింతలవాళ్లకి, రామగుండంవాళ్లకి ఈ అంకె అర్థం ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మరి అక్కడివాళ్లు ఏం చేశారు? ఇంటిని లోపలికి తిప్పేశారు. వీధివైపు గోడ, మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి. దాన్ని 'పాతియో' అంటారు. రోమన్ల కాలంలోనూ ఇదే పద్ధతి, తర్వాత వచ్చిన అరబ్బులదీ ఇదే. వాళ్లు నీళ్లకి, మొక్కలకి ఇంకా పెద్దపీట వేశారు. మన గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ కనిపించదు. తేడా ఏంటంటే మన మండువా వానని ఇంట్లోకి పిలుస్తుంది. అక్కడి పాతియో ముఖ్యంగా రాత్రి చల్లగాలిని పిలుస్తుంది.

అదెలాగో చూడండి. పొద్దున్నే కిటికీలు మూసేస్తారు. పాతియో మీద పెద్ద గుడ్డ పరదా లాగుతారు. మందపాటి గోడలు పగలంతా వేడిని తాగుతాయి కానీ లోపలికి అంత తొందరగా రానివ్వవు. తెల్లసున్నం చాలా ఎండని తిప్పికొడుతుంది. సాయంత్రం పరదా తీసేస్తారు. చల్లగాలి బరువు కాబట్టి ఆకాశంలోంచి బావిలోకి దిగినట్టు పాతియోలోకి దిగుతుంది. అప్పుడు కుండీలకి నీళ్లు పోస్తారు, నేల మీద చల్లుతారు. ఆ తడి ఆరుతూ ఇంకొంచెం చల్లబరుస్తుంది. ఇప్పుడు కిటికీలు తెరుస్తారు, తలుపు తీస్తారు. అంటే రాత్రి తలుపు తీసి ఉండటం టూరిస్టుల కోసం పెట్టిన అలంకారం కాదు. అది ఏసీ ఆన్ చేయడం లాంటిది!

ఇంకో సంగతి. స్పెయిన్ ఉన్నది లండన్ రేఖ మీద, గడియారం మాత్రం బెర్లిన్‌ది. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గంట ముందుకి జరిపింది, మళ్లీ వెనక్కి తిప్పలేదు. పైగా వేసవిలో ఇంకో గంట కలుపుతారు. దాంతో మే నెల మధ్యలో కూడా కోర్డోబాలో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాకే అస్తమిస్తాడు. భోజనాలు పదింటికి. పిల్లలు పదకొండింటికి కూడా వీధిలో బంతి ఆడుతుంటారు. పెద్దవాళ్లు ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కబుర్లలో పడతారు. దీనికి వాళ్ల మాట 'తోమార్ ఎల్ ఫ్రెస్కో', అంటే చల్లగాలి పుచ్చుకోవడం. కాదిస్ జిల్లాలో అల్గార్ అనే చిన్న ఊరు, ఈ వీధి కబుర్లకి యునెస్కో గుర్తింపు కావాలని 2021లో అడిగింది కూడా. నవ్వొస్తుంది గానీ, మన అరుగుల కోసం ఎవరూ అలా అడగలేదే అని కొంచెం కుళ్లు కూడా పుట్టింది నాకు.

పేదవాళ్ల పూలకుండీలు

ఇన్‌స్టాలో ఈ పాతియోల రీల్స్ చూస్తే ఎవరో జమీందార్ల ఇళ్లనుకుంటాం. అలాంటివి లేకపోలేదు. వియానా ప్యాలెస్‌లో పన్నెండు పాతియోలున్నాయి, చూసి తీరాలి. కానీ ఊరికి పేరు తెచ్చినవి అవి కావు. 'కాసా దె వెసినోస్' అని, ఒక వాకిలి చుట్టూ ఏడెనిమిది కుటుంబాలు తలో గదిలో సర్దుకున్న ఇళ్లు. బావి ఒక్కటే. బట్టలుతికే తొట్టి ఒక్కటే. వంటిల్లు, దొడ్డి కూడా ఉమ్మడే. సొంతానికి గజం నేల లేదు కాబట్టి మొక్కల్ని గోడకెక్కించారు. కొనే స్తోమతు లేనివాళ్లు పాత రేకు డబ్బాల్లో నాటారు. నూనె డబ్బాలో తులసి పెంచే మన అమ్మమ్మలకి ఈ ఆలోచన ఎంత దగ్గర!

గోడ మీద రెండంతస్తుల ఎత్తున కుండీలుంటే నీళ్లెలా పోస్తారు? పొడవాటి వెదురు కర్ర చివర చిన్న డబ్బా కట్టి ఎత్తి, కుండీ మీద వంచుతారు. వేసవిలో రోజూ చేయాల్సిన పని, ఒక్కో ఇంట్లో వందల కుండీలు. భుజాలు పడిపోతాయి. ఎక్కువగా ఆడవాళ్లే చేశారు, అందులోనూ వయసు మళ్లినవాళ్లు. ప్యుర్తా దెల్ రింకోన్ అనే చోట అలా కర్ర ఎత్తి నీళ్లు పోస్తున్న మహిళ కంచు విగ్రహం పెట్టారు. రాజులు, సేనాపతుల విగ్రహాల కంటే నాకు ఇదే నచ్చింది.

1921లో నగర పాలక సంస్థ పాతియోలకి మొదటిసారి పోటీ పెట్టింది. అంతర్యుద్ధం రోజుల్లో ఆగి, తర్వాత మళ్లీ నిలదొక్కుకుంది. 2012లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా మే మొదటి రెండు వారాలు ఇళ్లవాళ్లు తలుపులు తీస్తారు, ఎవరైనా ఉచితంగా లోపలికెళ్లి చూడొచ్చు. సాన్ బసీలియో పేట మొత్తం క్యూలే. పగలు వెళ్లకండి, ఫోన్లు తప్ప పూలు కనిపించవు. సాయంత్రం విడత ఆరింటి నుంచి పదింటి దాకా ఉంటుంది. చివరి అరగంట పట్టుకోండి. ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉంటుంది, లాంతర్లు అప్పుడే వెలుగుతాయి. తెల్లగోడ ఆ రెండు వెలుతుర్లకీ మధ్య ఇరుక్కుని ఓ పక్క నీలంగా, ఇంకో పక్క తేనెరంగులో కనిపిస్తుంది. జెరేనియం ఎరుపు నల్లబడిపోతుంది. తెల్లపూలు మాత్రం ముందుకొస్తాయి.

తర్వాత పని ముక్కుది. అక్కడ 'దామా దె నోచె' అని ఓ మొక్క ఉంటుంది, అంటే రాత్రి దొరసాని. వాసన చూడగానే మీకే తెలుస్తుంది, మన రేరాణే! పగలంతా మూతి ముడుచుకుని, చీకటి పడగానే వీధి చివరిదాకా పరిమళం పంపిస్తుంది. దానికి తోడు మల్లెజాతి పూలు, వసంతంలో అయితే నారింజ పూత. పక్కనున్న మాలగాలో ఇంకో ముచ్చట: ఎండిన ఓ అడవి మొక్క పుల్లలకి విడీవిడని మల్లెమొగ్గల్ని ఒక్కొక్కటీ గుచ్చి తెల్లటి బంతిలా చేసి అమ్ముతారు. రాత్రికి అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. సాయంత్రం మూరపూలు కొనే మనకి ఈ లెక్క కొత్త కాదు.

పదింటికి పాతియోలు మూసేశాక హోటల్‌కి పోవద్దు. పెద్ద మసీదు-చర్చి ఉత్తరపు గోడ దగ్గరకి రండి. ఎనిమిదో శతాబ్దంలో మసీదుగా మొదలై, పదహారో శతాబ్దంలో నడిమధ్య చర్చి కట్టించుకున్న వింత కట్టడం అది. ఆ బయటి గోడకి లాంతర్ల మధ్య మేరీమాత పటం ఉంటుంది. అక్కడ్నుంచి పావుగంట నడిస్తే కపుచీనోస్ అనే చిన్న మైదానం. చుట్టూ బోసిగా తెల్లగోడలు, మధ్యలో రాతి శిలువ, దాని చుట్టూ ఎనిమిది లాంతర్లు. ఇంకేమీ లేదు. చెట్టు లేదు, కుర్చీ లేదు, దుకాణం లేదు. ఎనిమిది దీపాలు ఒక ఖాళీ జాగాని ఎలా నింపుతాయో చూడాలంటే ఇంతకు మించిన చోటు నాకు తెలీదు. విల్లా కట్టించుకునేవాళ్లు ఇంటీరియర్ డిజైనర్ దగ్గరికి వెళ్లేముందు ఇక్కడికొస్తే బాగుణ్ణు.

టికెట్ ఖర్చు లేకుండా ఒక్క చిట్కా చెప్పనా? బల్బు పెట్టె మీద 2700కె అని ఉన్నది కొనండి. అది లాంతరు పసుపు. మనం అలవాటుగా తెచ్చే 6500కె తెల్లబల్బు కింద ఏ గోడైనా మెడికల్ షాపులాగే ఉంటుంది.

గేటు వెనక ఎవరున్నారు?

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే విషయం. పాత పేటలో రాత్రి నడుస్తూ తలుపులు గమనిస్తే, కొన్నిటి పక్కన అంకెలు నొక్కే చిన్న తాళం పెట్టెలు కనిపిస్తాయి. అంటే అది టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చే ఇల్లు. లోపల లాంతరు వెలుగుతూనే ఉంటుంది, గోడలు ఇంకా తెల్లగా ఉంటాయి. కానీ వీధిలో కుర్చీ వేసుకునేవాళ్లుండరు. పక్కింటివాళ్లతో పోట్లాడేవాళ్లూ ఉండరు. రెండు రోజులకి వచ్చినవాళ్లు కర్ర పట్టుకుని వంద కుండీలకి నీళ్లు పోయరు కదా.

నగర పాలక సంస్థ పోటీలో పాల్గొనే ఇళ్లకి బహుమతులతో పాటు కొంత ఆర్థిక సాయం కూడా ఇస్తుంది. అయినా చాలా పాతియోలు చూసుకునేవాళ్లు పెద్దవాళ్లే. పిల్లలు లిఫ్టు, పార్కింగ్ ఉన్న కొత్త అపార్టుమెంట్లకి వెళ్లిపోతున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. ఉమ్మడి దొడ్డి రోజుల్ని పూల ఫొటోలు చూసి తీపిగా తలుచుకోవడం మనకి సులువు, అందులో పెరిగినవాళ్లకి కాదు.

ఇక్కడే ఓ ప్రయత్నం నాకు ఆశ పుట్టించింది. పాత ఊరి తూర్పు సగాన్ని అహెర్కియా అంటారు. అక్కడ ఖాళీగా పడి ఉన్న పాతియో ఇళ్లని సహకార సంఘాల పద్ధతిలో బాగుచేసి, మళ్లీ కుటుంబాలు కాపురం ఉండేలా చేయాలని 'పాక్స్ - పాతియోస్ దె లా అహెర్కియా' అనే బృందం పనిచేస్తోంది. ఈసారి ఎవరి వంటిల్లు వాళ్లదే, వాకిలి మాత్రం అందరిదీ. పూలని కాపాడటం కంటే పూలకి నీళ్లు పోసేవాళ్లని ఊళ్లో నిలబెట్టడం ముఖ్యమని వాళ్ల లెక్క. పెద్ద బిల్డర్లకి ఇది లాభం లేని లెక్కే. మనవైపు మండువా ఇళ్లు ఒక్కొక్కటీ కూలగొడుతున్నప్పుడు, లేదా సినిమా షూటింగులకే మిగిలిపోతున్నప్పుడు, ఇలా ఎవరైనా పది కుటుంబాల్ని కూడగట్టారా అని వెతకాలనిపించింది.

వెళ్లాలనుకుంటే మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల్లోపే, సెవిల్ నుంచి ముప్పావుగంట. వీసా షెంగెన్‌ది. మే నెల గదులు చాలా ముందే అయిపోతాయి, రేట్లు కూడా గట్టిగానే ఉంటాయి. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో వెళ్తే పూలు తగ్గినా జనం తగ్గుతారు. వియానా ప్యాలెస్ దాదాపు ఏడాదంతా తెరిచే ఉంటుంది, రేరాణి కూడా ఇంకా పూస్తుంటుంది. చల్లటి సాల్మొరేహో, అంటే టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చిక్కటి చారు, ఓ గిన్నె తాగి పదిన్నరకి బయల్దేరండి. తలుపు తీసి ఉన్న ఇంటి ముందు గేటు దాకా వెళ్లి చూడొచ్చు. గేటు మాత్రం తోయకండి, ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. లోపల ఎవరో ఒకరు కుర్చీలో కూర్చునే ఉంటారు. 'బ్వేనాస్ నోచెస్' అంటే చాలు, వాళ్లూ అంటారు.