తమ్ముడి గజ్జెలు, నా ఎక్సెల్ షీట్

2024 జూన్. చెన్నైలో ఒక డాన్స్ కాలేజీ. లోపల మా తమ్ముడి ఆడిషన్ జరుగుతోంది. బయట వేపచెట్టు కింద అరుగు మీద నేను, ఒళ్లో లాప్‌టాప్. చుట్టూ ఫ్లాస్కులు, టిఫిన్ డబ్బాలు, గజ్జెల సంచులు పట్టుకున్న అమ్మలు. తమిళం, మలయాళం, తెలుగు... భాష ఏదైనా అందరి నోటా ఒకటే ప్రశ్న. "ఈసారి ఎంతమందిని తీసుకుంటారంట?"

వాడు లోపలికి పోయి 11 నిమిషాలైంది. ఎట్లా తెలుసంటే, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నా. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని కదా, లెక్క లేకపోతే నాకు తోచదు.

14వ నిమిషంలో బయటికొచ్చాడు. మొహంలో ఏమీ కనిపించలేదు.

"ఎట్లా చేశావ్‌రా?"

"బాగానే చేశా."

"అడవులు మూడు కాలాల్లో అడిగారా? తాళం వేయమన్నారా? పాడమన్నారా?"

నా ప్రశ్నలు పూర్తికాకముందే వాడు అరుగు మీద కూలబడి, ఎడమకాలు చాపి, కళ్లు మూసుకున్నాడు. అలసట అనుకున్నా. ఆ కాలి సంగతి నాకు అప్పటికి తెలీదు.

మాది తిరుపతి, కొర్లగుంట. నాన్న ప్రైవేటు బస్సులకు బాడీ కట్టే షెడ్డులో మేస్త్రీ. నాకూ తమ్ముడికీ పదేళ్ల తేడా. 2016లో, వాడు నాలుగో తరగతిలో ఉండగా, పక్కింటి పాపకు తోడుగా భరతనాట్యం క్లాసుకు పోయి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. నెల తిరిగేసరికి పక్కింటి పాప మానేసింది. వీడు లోపలికి పోయి నిలబడ్డాడు.

ఇంట్లో పెద్ద గొడవ. "మగపిల్లోడికి ఇదేం పనిరా? నలుగురూ నవ్వరా?" అన్నాడు నాన్న. నలుగురూ నవ్వారు కూడా. మామయ్య ఒకాయన వాడు నడుస్తుంటే వెనక నుంచి "తకధిమి" అనేవాడు. స్కూల్లో పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేను.

మా ఊరి సంగతి తెలిసినవాళ్లకు ఇక్కడ నవ్వు రావాలి. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. ఆడవాళ్లను వేధించిన పాలెగాడు భయంతో దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషంలో వెతికి వాణ్ణి చంపిందని కథ. అందుకే ఆ వారం రోజులూ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఊరంతా వేషాలే. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, గాజులేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. నాకు చిన్నప్పుడు జబ్బు చేసి నయమైందని నాన్న కూడా ఏటా అమ్మ పట్టుచీర కట్టుకుని గంగమ్మ గుడికి పోతాడు. తకధిమి మామయ్య అయితే ఆడవేషంలో సెల్ఫీలు దిగి స్టేటస్‌లో పెడతాడు. ఆ మొక్కులో ఎవరికీ నవ్వులాట కనిపించదు. తర్వాత 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీర కట్టి ఆడితే థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో మామయ్య ఫస్ట్.

ఒకసారి తమ్ముడు ఈ మాటే నాన్న దగ్గర ఎత్తాడు. "అది మొక్కురా" అన్నాడు నాన్న. "నాకిది కూడా అంతే" అన్నాడు వాడు. అప్పటికి పదకొండేళ్లు. నాన్న ఏమీ అనకుండా చొక్కా వేసుకుని షెడ్డుకు పోయాడు.

అసలు ఈ రూల్స్ ఎవరు రాశారో గానీ, ఎప్పటికప్పుడు తిరగరాస్తూనే ఉన్నారు. కూచిపూడి తరతరాలుగా మగవాళ్ల నాట్యం. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ తిప్పితే ఆడవాళ్లే ఆశ్చర్యపోయేవారట. భరతనాట్యం కథ ఇంకో రకం. 1930ల్లో 'మర్యాదస్తుల' ఇళ్ల ఆడవాళ్లు దాని పేరెత్తడమే తప్పు. రుక్మిణీదేవి అరండేల్ మొదట బాలే నేర్చుకుని, బాలే నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహంతో మన కళల వైపు తిరిగి, 30 దాటాక భరతనాట్యంతో వేదికెక్కారు. 1936లో మద్రాసులో కళాక్షేత్ర పెట్టారు. అప్పుడు ఆడవాళ్లు ఆడకూడదు. ఇప్పుడు అదే డాన్స్ మగపిల్లలు ఆడకూడదట.

2018లో నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో తమ్ముడి డాన్స్ ఫీజు కట్టా. అప్పటిదాకా అమ్మ చీటీ డబ్బుల్లోంచి నాన్నకు తెలీకుండా కట్టేది. మరుసటి ఏడు తిరుమలలో నాద నీరాజనం వేదిక మీద మేడం బృందంలో వాడికి అవకాశం వచ్చింది. ఎస్వీబీసీలో లైవ్. నాన్న తిరుమలకు రానన్నాడు. కానీ ఆ సాయంత్రం షెడ్డు ఎదురుగా టీ కొట్లో టీవీ పెట్టించుకుని, "ఆ చివర ఉండాడే, మావోడే" అన్నాడంట. ఈ సంగతి టీ కొట్టాయన అమ్మకు చెప్పాడు. నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు.

2020లో లాక్‌డౌన్. క్లాసులు ఫోన్లోకి వచ్చాయి. ఇంట్లో కాళ్లు చాపే చోటు లేదు కాబట్టి వాడు మిద్దె ఎక్కాడు. సిమెంటు నేల మీద, ట్యాంకుకు ఫోన్ ఆనించి, తెల్లారి ఐదింటికి ప్రాక్టీసు. క్లాసులు మళ్లీ మొదలయ్యాక కూడా ఆ మిద్దె అలవాటు పోలేదు.

ఇంటర్ మొదటి ఏడాది చివర్లో, "అక్కా, నేను ఎంసెట్ రాయను. డాన్స్ కాలేజీలో చేరతా" అన్నాడు. ఇంట్లో వాడి వైపు గట్టిగా నిలబడింది నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు బాగా ఉండేది. నేనే తప్పు చేస్తానని మాత్రం అనుకోలేదు.

ఏం చేశానంటే, ఒక షీట్ తయారు చేశా. ఎడమ పక్క తేదీలు. పైన అడవులు, అలరిప్పు, జతిస్వరం, అభినయం, తాళం, పాట, ఇంటర్వ్యూ. రోజుకి ఎన్ని గంటలు చేశాడో వాడు నింపాలి. మూడు గంటలు దాటితే పచ్చ, తగ్గితే పసుపు, అసలు చేయకపోతే ఎరుపు. ఆదివారం వీడియో కాల్లో మాక్ ఆడిషన్. నాకు నాట్యంలో అరమండికీ గుంజీలకీ తేడా తెలీదు. అయినా పదికి మార్కులు వేసేదాన్ని! నెట్‌ఫ్లిక్స్‌లో 'యే బాలే' సినిమా చూపించా. ముంబయిలో వెల్డర్ కొడుకు అమీరుద్దీన్ షా బాలే నేర్చుకుని 2017లో లండన్ రాయల్ బాలే స్కూల్‌కి వెళ్లాడు. ట్యాక్సీ డ్రైవర్ కొడుకు మనీష్ చౌహాన్ ఆ సినిమాలో తన పాత్ర తనే వేశాడు. "చూశావా, వాళ్లకి కుదిరింది, నీకెందుకు కుదరదు?" అన్నా. వాడు సినిమా చూసి ఏడ్చాడు. నేను అది మోటివేషన్ అనుకున్నా.

మార్చి నుంచి జూన్ దాకా షీట్ మొత్తం పచ్చగా ఉంది. టీమ్‌లో ఇంత క్లీన్ డాష్‌బోర్డ్ ఎప్పుడూ చూడలేదని మురిసిపోయా.

మళ్లీ ఆడిషన్ రోజు. సాయంత్రం చెన్నై నుంచి తిరుపతి బస్సెక్కాం. తిరుత్తణి దాటాక వాడు బూటు విప్పి, ప్యాంటు పైకి లాగి, కాలి ముందు ఎముక మీద చల్లటి నీళ్ల బాటిల్ పెట్టుకున్నాడు. వాచి ఉంది. వేలు తగిలితే పళ్లు బిగపట్టాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"మార్చి నుంచి."

"నాకు చెప్పలేదే?"

కిటికీలోంచి బయటికి చూస్తా అన్నాడు. "చెప్తే రెస్ట్ తీసుకోమంటావు. తీసుకుంటే షీట్లో ఎర్రగా పడతాది. ఎర్రగా పడితే నువ్వు ఫోన్ చేస్తావు. నాన్న ఏం ఉద్యోగం వస్తాదని అడుగుతాడు. నువ్వు ఎన్ని గంటలు చేశావని అడుగుతావు. బాగుండావా అని ఎవరూ అడగరు."

నగరి వచ్చింది, పుత్తూరు వచ్చింది. నాకు మాట రాలేదు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు జ్వరం దాచిపెట్టి వీక్లీ టెస్టు రాసేదాన్ని. ర్యాంకులు గోడకు అంటించేవాళ్లు కాబట్టి. ఆ గోడ అంటే నాకెంత అసహ్యమో చెప్పలేను. పదేళ్ల తర్వాత అదే గోడను నా చేత్తో కట్టి, రంగులేసి, తమ్ముడికి లింకు పంపించా. ఎంసెట్ నుంచి కాపాడానని అనుకున్నా. కానీ వాడి డాన్స్‌నే ఎంసెట్ చేసేశా.

ఇంటికొచ్చాక అవ్వ, "పుత్తూరుకు పోయి కట్టు కట్టించండి" అంది. మా జిల్లాలో కాలికి ఏమైనా మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. మేం ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి పోయాం. ఎక్స్‌రే తీసి, ఎముక ఇంకా చీలలేదని, ఇట్లాగే ఎగిరితే సన్నని చీలిక వస్తుందని చెప్పారు. ఆరు వారాలు గజ్జె కట్టకూడదు. ఆ తర్వాత ఫిజియోథెరపీ. రెండు వారాలకు కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. లిస్టులో వాడి పేరు లేదు.

కాలు బాగుంటే వచ్చేదా? ఏమో. దానికి మాత్రం లెక్క కట్టలేదు.

మెయిల్ సంగతి విని నాన్న కాసేపు ఊరుకున్నాడు. నేను భయపడిన మాట అనలేదు. వేరే మాట అడిగాడు. "వీడు యాడ ఆడతాడు?" మిద్దె మీద అని చెప్పా. పైకి పోయాడు. చెప్పులు విప్పి, ఆ సిమెంటు మీద మడమతో రెండుసార్లు గట్టిగా కొట్టి చూశాడు. ఎనిమిదేళ్లలో వాడు ప్రాక్టీసు చేసే చోటు చూడటానికి నాన్న పైకి రావడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం షెడ్డు నుంచి ఆటోలో ప్లైవుడ్ షీట్లు, చెక్క రీపర్లు, రబ్బరు ముక్కలు దిగాయి. ట్యాంకు పక్కన రేకుల పందిరి వేసి, కింద రబ్బరు, దాని మీద రీపర్లు, పైన ప్లైవుడ్ బిగించాడు. "బస్సులో కూడా ఇనుము మీద నేరుగా మనిషిని నిలబెట్టం పాపా. మధ్యలో చెక్క పడాల. లేకుంటే దెబ్బంతా కాళ్లకే" అన్నాడు. తర్వాత వెతికితే తెలిసింది, బాలే స్కూళ్లలో వేసేది ఇదే పద్ధతి అని. కొంచెం అణిగి, దెబ్బను తను తీసుకునే చెక్క నేల. మా నాన్న బాలే పేరు కూడా వినలేదు.

నేను షీట్ డిలీట్ చేశా. వాడి ముందే చేశా.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి తమ్ముడో చెల్లెలో ఉంటే నేను నేర్చుకున్నది చెప్తా. ఎంత చేశారని తర్వాత అడగండి, ముందు నొప్పి ఎక్కడుందో అడగండి. అది కూడా తిట్టరని నమ్మకం కలిగేలా అడగండి. కాళ్ల కింద నేల ఎట్లాంటిదో చూడండి. మార్కులు వేసే పని గురువుకి వదిలేయండి. ఒకే కాలేజీ, ఒకే ఆడిషన్ అని పిల్లల ముందు అనొద్దు. దారులు చాలా ఉన్నాయి. మన తిరుపతిలోనే టీటీడీ వాళ్ల ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో పీజీ ఉంది. ఆడిషన్ రోజు బయట కూర్చుంటే స్టాప్‌వాచ్ బదులు తినడానికి ఏదైనా పట్టుకుని కూర్చోండి.

వాడు ఇప్పుడు తిరుపతిలోనే నాట్యం కోర్సులో చేరాడు. పక్కనే ప్రైవేటుగా బీకాం కడుతున్నాడు. చెన్నైకి మళ్లీ వెళ్తాడా అంటే, వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ మే నెల జాతరలో నాన్న చీర కుచ్చిళ్లు వాడే సర్దాడు. స్టేజీకి రోజూ పంచె కుచ్చిళ్లు పెట్టుకునేవాడు కదా, అమ్మకంటే నీట్‌గా పెట్టాడని నాన్న అందరికీ చెప్పుకున్నాడు.

బెంగళూరులో నాకు ఉదయం ఐదున్నరకు అలారం. లేచి ఇంటికి ఫోన్ చేస్తా. ముందు వెనక నుంచి టప్ టప్‌మని సిమెంటు చప్పుడు వినిపించేది. ఇప్పుడు దబ్ దబ్‌మని మెత్తటి చప్పుడు, మధ్యలో గజ్జెలు. ఒక్కోరోజు ఏ చప్పుడూ వినపడదు.

"వాడేడీ?" అంటా.

"పండుకోనుండాడు. కాలు నొప్పంట" అంటుంది అమ్మ.

"పండుకోనీలే" అంటా.