పడకపోతే?

"సముద్రం కింద ఏముందో చెప్పేవాడివి, మన చేలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పలేవురా?" అని మా నాయన అడిగితే నాకు నోరు పెగల్లేదు. మాది అనంతపురం జిల్లా. అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగినాయన మాత్రం తడుముకోకుండా "రెండొందల అడుగుల్లో రెండంగుళాల నీళ్లు" అన్నాడు. నాయన ఆయన్నే నమ్మాడు. నాలుగొందల అడుగులు దించినా దుమ్మే లేచింది.

నా ఉద్యోగం సముద్రగర్భంలోని గ్యాస్‌కు లెక్క కట్టడం. అక్కడా అందరికీ ఒక్క అంకే కావాలి. పైనుంచి ధ్వని తరంగాలు పంపి, ప్రతిధ్వనిని బట్టి అడుగున పొరల బొమ్మ గీస్తాం. బావి తవ్వితే ఆ ఒక్కచోట గ్యాస్ ఉందో లేదో తెలుస్తుంది. ఆ ఇసుకపొర పక్కదాంతో కలిసి ఉందా, మధ్యలో బంకమట్టి అడ్డుపడిందా అన్నది గ్యాస్ తీయడం మొదలుపెట్టాక గానీ పూర్తిగా బయటపడదు. ఈలోగా పైపులైన్లకు, యంత్రాలకు వేల కోట్లు ఖర్చయిపోతాయి.

కాకినాడ తీరానికి ఎదురుగా జరిగిందే చూడండి. కేజీ బేసిన్ డీ6లో 2002లో గ్యాస్ దొరికింది. డీ1, డీ3 క్షేత్రాల నుంచి సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయొచ్చని 2006 ప్రణాళికలో అన్నారు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లకు ఏర్పాట్లు చేశారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010 దాటేసరికే తగ్గుముఖం పట్టింది. ఒత్తిడి పడిపోయింది, బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. 2012లో ఆ అంచనాను దాదాపు మూడో వంతుకు కుదించారు. తగినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భమే అనుకున్నట్టు లేదని కంపెనీ వాదించుకున్నాయి. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని మన రాష్ట్రంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలిచాయి.

అందుకే మేం మూడు అంకెలు చెబుతాం. పదింట తొమ్మిదిసార్లు దాటేది ఒకటి, సగంసార్లు దాటేది ఒకటి, పదింట ఒక్కసారే దాటేది మరొకటి. పెద్ద అంకె చూసి మురిసిపోవడం తేలికే. చిన్న అంకె నిజమైతే తట్టుకోగలమా అన్నదే అసలు ప్రశ్న. తట్టుకోలేమంటే ఇంకో బావి తవ్వి చూసుకోవాలి. లేదంటే చిన్నగా మొదలుపెట్టి, తర్వాత మరిన్ని బావులు కలుపుకునే వీలుంచుకోవాలి.

నాలుగో బోరుకు నాయన అప్పు తేబోతుంటే అదే అడిగాను. "నీళ్లు పడకపోతే?"

చాలాసేపు మాట్లాడలేదు. "పడితే ఎంతొస్తుందో అందరూ చెప్పారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదురా" అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లి బోరు బండికిచ్చిన బయానా వెనక్కి తెచ్చుకున్నాడు.