"పిక్" అని వెతికితే ఏం దొరుకుతుంది?

కొన్నేళ్ళ క్రితం ఒక పాత సిస్టంలోని డేటాని ఒరాకిల్లోకి మార్చే పని నా నెత్తిన పడింది. ఇంతకీ ఆ పాతది ఏమిటండీ అని అడిగితే, త్వరలో రిటైరవబోతున్న పెద్దాయన (మన తెలుగాయనే) "పిక్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. సర్లే, గూగులమ్మ ఉందిగా అనుకున్నా.

"పిక్ ఆపరేటింగ్ సిస్టం" అని కొడితే, ఆపరేటింగ్ సిస్టంని ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాలు బోలెడు వచ్చాయి! దాని వారసుల పేర్లూ అంతే. యూనివర్స్ అంటే నక్షత్రాలు, రియాలిటీ అంటే టీవీ షోలు...

ఈలోగా గడువు ముంచుకొచ్చింది. ఫైల్లో మధ్యమధ్యన వై మీద గీత పెట్టినట్టు ఏదో వింత అక్షరం. చెత్త అనుకుని మొత్తం ఏరిపారేశా. మర్నాడు టెస్టింగులో చూస్తే ఒక కస్టమరు ఫోను నంబరుకి ఇరవై అంకెలు!

పెద్దాయన దగ్గరికి పరిగెత్తా. "అది చెత్త కాదయ్యా, వాల్యూ మార్క్. రెండు నంబర్ల మధ్య గోడ అది. మల్టీవాల్యూ అని వెతుకు" అన్నారు.

ఆ ఒక్క మాటతో డొంకంతా కదిలింది. 1965లో అమెరికా సైన్యపు షయాన్ హెలికాప్టర్ ప్రాజెక్టు కోసం డిక్ పిక్, డాన్ నెల్సన్ మొదలెట్టారట. 1973లో మైక్రోడేటా కంపెనీ రియాలిటీ పేరుతో అమ్మింది. తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్ళు తలా ఒక పేరు పెట్టుకున్నారు.

ఇందులో ఆపరేటింగ్ సిస్టమూ డేటాబేసూ ఒకటే. రికార్డులో గళ్ళని 254వ నంబరు అక్షరం, ఒకే గడిలోని విలువల్ని 253 విడదీస్తాయి. కాడ్ రిలేషనల్ పేపరు వచ్చింది 1970లో. మనం కాలేజీలో బట్టీపట్టిన "గడికి ఒకటే విలువ" దీనికి పట్టదు. తేదీలు కూడా 1967 డిసెంబరు 31ని సున్నాగా లెక్కేసిన రోజులే. 10000 అంటే 1995 మే 18 అన్నమాట.

అసలు ఫైలు దాచుకోబట్టి బతికిపోయా. పెద్దాయన వెళ్ళేలోపు రోజూ మధ్యాహ్నం పక్కన కూర్చుని చెప్పిందల్లా రాసుకున్నా. నెట్లో అంతా ఉంది, నిజమే. కానీ ఏ మాటతో వెతకాలో చెప్పడానికి ఒక మనిషి కావాల్సొచ్చింది.

మీ ఆఫీసులోనూ అలాంటి పెద్దాయన ఉంటే ఇవాళే టీకి తీసుకెళ్ళండి. వీడ్కోలు కేకు కోసేదాకా ఆగొద్దు!