చిన్నరసం చేరని ఊళ్లు

విస్సన్నపేట వంటి మామిడి తోటల ఊరి నుంచి అమెరికా వెళ్లిన వైద్యుడు మహానగరంలోనే స్థిరపడతాడన్న అభిప్రాయం సగమే నిజం. జె-1 వీసా, అంటే శిక్షణకు వచ్చినవారికిచ్చే తాత్కాలిక అనుమతి, ముగిశాక వైద్యులు రెండేళ్లు స్వదేశంలో గడపాలన్న నిబంధన ఉండగా, 1994లో ఏర్పడిన కాన్రాడ్ పథకం దానిని సడలించి, బదులుగా వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలని కోరుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి పరిమితమైన ఈ వెసులుబాటుతో, తెలుగు మాట వినిపించని చిన్న ఊళ్లకు సైతం తెలుగు కుటుంబాలు చేరాయి.

నాడి పట్టే వైద్యుడికి ఊరు త్వరగానే దగ్గరవుతుంది. ఒంటరితనపు బరువంతా ఇంట్లో మిగిలిన మనిషి మీద పడుతుంది, వలస చరిత్రలు ఆ మనిషిని తలచింది తక్కువ. హెచ్-4 వీసా, అంటే ఈ వైద్యుల వంటి హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే ఆశ్రిత వీసా, మీద ఉన్నవారికి 2015 వరకు ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాతా అది కొందరికే దక్కింది.

వేసవి వస్తే ఆ ఒంటరితనానికి మామిడి వెలితీ తోడవుతుంది. వికిరణం, అంటే పురుగు నివారణకు పండుపై నియంత్రితంగా కిరణాలు సోకించడం, అనే షరతుతో 2007లో అమెరికా భారతీయ మామిడిని మళ్లీ అనుమతించింది గనుక కోసి తినే బంగినపల్లి ఎక్కడో ఒకచోట దొరకవచ్చు. అరచేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి, తొలి చుక్కల సొన పిండేసి నోట పెట్టుకునే చిన్నరసాన్ని మాత్రం, సెలవులకు వచ్చిన పిల్లలకు, మోచేతుల దాకా రసం కారుతుండగా, విస్సన్నపేటలోని అమ్మమ్మలే తినడం నేర్పుతున్నారు.