అక్షరం పడకపోతే ముందు పలకను చూడాలి

ప్రియమైన తమ్ముళ్లకు,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేమందరం ఫోన్లలో మాట్లాడుకున్నాం. ట్రంకు పెట్టెల గురించి, నీళ్ల చారు గురించి ఎవరైనా రాస్తారు. మేము మాత్రం ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి రాయాలనుకున్నాం.

2008లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. మేం చదివే బడికి కూడా కంప్యూటర్లు వచ్చాయి. ఒకే సీపీయూను నాలుగైదు తెరలు పంచుకునే పద్ధతి అది. తక్కువ ఖర్చుతో ఎక్కువమంది కూర్చోవచ్చు. చెప్పులు బయట విడిచి, చేతులు లుంగీలకు తుడుచుకుని లోపలికి పోయేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు కంప్యూటర్ సార్ భూగోళాన్ని గుండ్రంగా తిప్పి చూపించే ప్రోగ్రాం పెట్టారు. సార్ ముందున్న పెద్ద కంప్యూటర్లో భూమి తిరుగుతా ఉంది. మా కంభం వాడికి ప్రాణం ఆగలేదు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన వాళ్ల ఊరి చెరువును పైనుంచి చూడాలని వాడి ఆశ. తన తెర మీద అదే ప్రోగ్రాం తెరిచాడు. ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె వచ్చింది. మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఓకే నొక్కాడు. తెర నల్లబడింది. పక్క తెరలు కూడా కదలకుండా నిలబడిపోయాయి.

"ఏం కెలికినావురా?" అన్నారు సార్. ఆ నెలంతా వాడు గది బయటే నిలబడ్డాడు. మేమెవ్వరం నోరు విప్పలేదు. వాడే చెడగొట్టాడని మేమూ నమ్మాం. అంతకంటే బాధ, వాడూ నమ్మాడు.

2014లో మాలో ఒకడికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో ప్రోగ్రాం ఎట్లా నడుస్తుందో చూడటం వాడికిచ్చిన మొదటి పని. మొదటి రోజే అదే నల్లటి తెర కనిపించింది. ఆ రాత్రి మా అందరికీ ఫోన్ చేశాడు.

వాడు చెప్పింది ఇది. 1024కు 768 తెర మీద 7,86,432 చుక్కలుంటాయి. బొమ్మ కదలాలంటే వాటిని సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ గీయాలి. గ్రాఫిక్స్ చిప్ పని మన హాస్టల్లో పదిమంది కలిసి వడ్డించినట్టు ఉంటుంది. అది లేకపోతే సీపీయూ ఒక్కటే వంద కంచాలకు వడ్డించాలి. ఆలస్యమవుతుంది గానీ అన్నం అందుతుంది. మేం వాడిన తెరలకు త్రీడీ బొమ్మలు గీసే శక్తి అందేది కాదు. ఆ ప్రోగ్రాం ముందే అది చూసుకుని నెమ్మదిగానైనా గీయాలి, లేదా ఇక్కడ కుదరదని చెప్పి మర్యాదగా ఆగాలి. రెండూ చేయలేదు. వంటగది తలుపు మూసేసి పోయింది.

ఈ తిప్పలు పెద్ద దేశాల వాళ్లకూ తప్పలేదు. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో, తగిన గ్రాఫిక్స్ లేకపోతే అద్దంలాంటి ఏరో తెరకు బదులు మామూలు తెర వచ్చేది. విస్టా కేపబుల్ అని స్టిక్కర్ ఉన్న కంప్యూటర్లోనూ ఏరో రావడం లేదని అమెరికాలో కొన్నవాళ్లు అదే ఏడాది కోర్టుకెక్కారు. 2009లో ఆ కేసుకు సామూహిక దావా హోదా తీసేశారు. అది వేరే మాట. వాళ్లు అడిగారు, మేం తల దించుకున్నాం.

లినక్స్‌లో 2011లో వచ్చిన గ్నోమ్ 3, గ్రాఫిక్స్ చాలకపోతే పాత పద్ధతి తెరతో మొదలయ్యేది. మీ హార్డ్‌వేరో డ్రైవరో చాలక ఇట్లా జరిగి ఉండవచ్చని ఒక మాట కూడా చెప్పేది. 2012లో ఫెడోరా 17 వచ్చేసరికి ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో సీపీయూతోనే కొత్త తెరను గీయగలిగారు. దాంతో 2013లో గ్నోమ్ 3.8 నుంచి ఆ పాత తెరను తీసేశారు. అంటే దారి లేక కాదు, మన దగ్గర ఆలోచించినవాళ్లు లేక.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మా స్నేహితుడి నాయన ఒక మాట అనేవాడు: "అక్షరం పడకుంటే పిల్లోడిని అనబాకండి. ముందు పలకను చూడండి." నున్నగా ఉన్న పలక మీద బలపం జారిపోతుందని ఆయనకు తెలుసు. ఆ రోజు ఆ ఇంగ్లీషు పెట్టె చెప్పాల్సింది కూడా అంతే.

తమ్ముళ్లూ, మీ కంప్యూటర్లో బొమ్మలు నత్తనడక నడిస్తే భయపడకండి. క్రోమ్ అడ్రస్ గడిలో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని కొట్టండి. ఏ పని గ్రాఫిక్స్ చిప్ చేస్తుందో, ఏది సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుందో వరసగా చూపిస్తుంది. విండోస్‌లో అయితే డీఎక్స్‌డయాగ్ తెరిచి డిస్‌ప్లే అన్నచోట చూడండి. పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు మాటలను ఓకే నొక్కకముందే నోటుపుస్తకంలో రాసుకోండి. తెలిసినవాళ్లను అడగండి.

రేపు మీలో కొందరు ప్రోగ్రాములు రాస్తారు. అప్పుడు ఏది లేదో, ఏది ఇంకా పనిచేస్తుందో, ఇప్పుడేం చేయాలో తెలుగులో చెప్పండి. తప్పు మీది కాదని కూడా ఒక్క ముక్క చేర్చండి.

ఆ ముక్క కోసమే ఇదంతా రాశాం. 2014లో ఆ రాత్రే కంభం వాడికి కూడా ఫోన్ చేశాం. అప్పటికి ఎరువుల అంగట్లో లెక్కలు రాసేవాడు. కంప్యూటర్ పెడదామని యజమాని రెండుసార్లు అడిగినా వద్దన్నాడంట. మేం చెప్పిందంతా విని చాలాసేపు పలకలేదు. తర్వాత, "అయితే నేను చెడగొట్టలేదంటారా?" అన్నాడు. లేదన్నాం. మళ్లీ ఇంకోసారి అడిగాడు. మళ్లీ చెప్పాం.

ఆ రోజు గదిలోనే చెప్పాల్సిన మాట అది. అయిదేళ్లు ఆలస్యం చేశాం.

ఇట్లు,
పదో తరగతి 2010 బ్యాచ్ పూర్వ విద్యార్థులు