దేశీ పిల్లలు

మన దగ్గర దేశీ అంటే ఆవు గుర్తొస్తుంది. లేదంటే నెయ్యి. అమెరికాలో దేశీ అంటే మనిషి! ఇండియా, పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్... ఎక్కణ్నుంచి వెళ్లినవాళ్ల పిల్లలైనా సరే, అక్కడి కాలేజీల్లో అందరూ దేశీలే. 2023లో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు ఈ మాట నాకు బాగా అలవాటైంది. మనవరాలు కాలేజీలో దక్షిణాసియా విద్యార్థుల సంఘంలో చేరింది మరి.

అది మా అమ్మాయికి నచ్చలేదు. తల్లి బాధ తల్లిది. ఏడేళ్లపాటు వారం వారం కారులో తెలుగు క్లాసుకి దింపింది. రెండేళ్లకోసారి జరిగే తానా సభలకి పట్టులంగా కట్టించి తీసుకెళ్లింది. తీరా కాలేజీకెళ్లిన పిల్ల భాంగ్రా, గర్బా అంటోంది. ‘ఇంత చేస్తే చివరికి హిందీ పాటల పాలైంది’ అని వాపోయేది.

తానా పుట్టింది 1970ల చివర్లో. 1965 నాటి వలస చట్టం తలుపులు తెరిచాక వెళ్లిన డాక్టర్లూ ఇంజినీర్లూ తమ భాష కోసం, తమవాళ్ల పలకరింపు కోసం పెట్టుకున్న సంఘం. అలాంటిచోట పిల్లలు పెద్దలు నేర్పింది పాడతారు, ఫొటోకి నిలబడతారు. కాలేజీ సంఘాల తీరు వేరు. చందాలు, హాలు బుకింగు, తగాదాలు... అన్నీ పిల్లలవే. పెన్సిల్వేనియా యూనివర్సిటీ కుర్రాళ్లు 1996లో వాయిద్యాలు లేకుండా హిందీ పాటలు పాడే ‘పెన్ మసాలా’ బృందాన్ని పెట్టుకున్నారు. అదే ఏడాది న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో దక్షిణాసియా కుటుంబాల పిల్లల కోసం ‘సాయా’ అనే సంస్థ మొదలైంది. బడి అయ్యాక చదువు, ఆటలు, కాలేజీ దరఖాస్తులకి సాయం. ఇంట్లో ఏ భాష మాట్లాడతావని అడిగేవాళ్లుండరు.

నిజం చెప్పొద్దూ, ఆ పెద్ద గొడుగు కింద తెలుగుకి దక్కే జాగా బహు తక్కువ. ఆ మాటే మనవరాలితో అన్నాను. ‘మనవాళ్లంతా కలిసి వేరే సంఘం పెట్టుకోవచ్చుగా?’ అని.

‘అమ్మమ్మా, కాన్సస్‌లో చంపినవాడు ఏ భాష అని అడిగాడా?’ అంది.

2017 ఫిబ్రవరిలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చిచంపినవాడు ఆయన్ని ఇరాన్ మనిషనుకున్నాడు. అప్పటికి ఇది చిన్నపిల్ల. గుర్తుండదనుకున్నాం. నేనింకేం మాట్లాడలేదు.

‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన ఏడాది కదా, సంఘం పిల్లలు ఆ పాట ఎంచుకుని మా గ్యారేజీలో రిహార్సల్ పెట్టారు. నాటు అంటే ఏమిటని ఒకమ్మాయి అడిగింది. వాళ్ల అమ్మానాన్నలది లాహోర్. ఏడేళ్ల తెలుగు క్లాసులో రాని మాట! మా పిల్ల కాసేపు తడుముకుని, నాటుకోడిని పట్టుకొచ్చి, ఊరికోడికీ ఫారం కోడికీ తేడా చెప్పింది. ‘ఓ, దేశీ ముర్గీ!’ అంది ఆ అమ్మాయి. గ్యారేజీ అంతా నవ్వులే.

ఇరవైమందికి పులిహోర కలుపుతున్న మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది.

‘నాడూ కాదు, నాటు! నాలిక మడవమను!’